చూడటం ఒకటి, అడగటం ఒకటి

బెంగళూరు తెలుగు మిత్రులందరికీ నమస్కారం. మన అపార్ట్‌మెంట్ల పై అంతస్తుల్లో, సన్‌షేడ్ల కింద వేలాడే పెద్ద తేనెపట్లను మీరు చూసే ఉంటారు. వాటిని తీయించడానికి మనిషిని పిలిచే ముందు కాసేపు దూరం నుంచి గమనించండి. ఒక ఈగ పొట్టను అటూ ఇటూ ఊపుతూ తిన్నగా నడిచి, చుట్టు తిరిగి వచ్చి, అదే నడకను మళ్లీ మొదలుపెడుతుంది. ఈ నాట్యానికి అర్థం విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్, 1973 నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు. నిలువు గీతకూ ఈగ నడకకూ మధ్య కోణం, సూర్యుడి దిక్కుకూ మేత ఉన్న దిక్కుకూ మధ్య కోణాన్ని తెలుపుతుంది. ఊపు ఎంతసేపు సాగితే మేత అంత దూరం.

ఆ రోజుల్లో పరికరాలంటే కన్ను, గడియారం, ఈగ వీపున పెట్టిన రంగు చుక్క. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ కందిరీగల సంఘజీవనాన్ని పరిశీలించినదీ రంగు చుక్కలతోనే. 2018లో వెలువడిన, వీడియోలో జంతువుల కదలికలను గుర్తుపట్టే డీప్‌ల్యాబ్‌కట్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఈ శ్రమను చాలా తగ్గించింది. లక్షలాది మామూలు ఫొటోల మీద ముందే తర్ఫీదు పొందిన, చిత్రాలు చూసి నేర్చుకునే నెట్‌వర్క్ కాబట్టి, సుమారు 200 చిత్రాల్లో ఎలుక ముక్కు, చెవులు, తోక మొదలు వంటి చోట్ల మనిషి గుర్తులు పెడితే, మిగిలిన వీడియో అంతటా అది తనే వాటిని వెతుక్కుంటుంది.

అయితే ఎంత నిశితంగా చూసినా తేలని ప్రశ్న ఒకటుంది. ఈగలను నడిపింది నాట్యమా, నాట్యం చేసిన ఈగ ఒంటికి అంటిన పూల వాసనా? ఇది తేలాలంటే నాట్యం మన చేతుల్లో ఉండాలి. 1989లో ఆక్సెల్ మికెల్సన్ బృందం ఇత్తడితో ఈగను చేసి, మైనం పూసి, బ్లేడు ముక్కను రెక్కగా అమర్చి, తేనెటీగల పెట్టెలోని చీకటిలో ఆడించింది. అది మధ్యమధ్య చక్కెర పాకం చుక్క కూడా అందించేది. రుచి చూపని వార్తను ఈగలు మాత్రం ఎందుకు నమ్మాలి? కోణం మారిస్తే ఈగలు వెతికే దిక్కు మారింది. ఊపు, రెక్క చప్పుడు రెండూ ఉంటేనే పని జరిగింది. ఐనా అసలు ఈగ పంపినన్ని ఈగలను ఇత్తడి ఈగ పంపలేకపోయింది. నా దృష్టిలో ఆ కొరతే ఎక్కువ విలువైనది, ఎందుకంటే నాట్యంలో మనకింకా అందని అంశం ఉందని అది చెబుతోంది. ఇందుకు భిన్నంగా, 2007లో బొద్దింకల గుంపులో వదిలిన రోబోలు చిన్న పెట్టెల్లా ఉండేవి. బొద్దింక వాసన పూసినంత మాత్రాన గుంపు వాటిని కలుపుకుంది.

తేనెటీగల పెట్టెలోపలి ఈగలపై తర్ఫీదైన డీప్‌ల్యాబ్‌కట్ వంటి ప్రోగ్రామ్‌కు మన సన్‌షేడు పట్టు కొత్త. ఎండ మారుతుంది, పెద్ద కందిరీగ దగ్గరికి రాగానే వందలాది ఈగలు పొట్టలెత్తి పట్టంతా అలలా కదిలిస్తాయి. ఆ అలలో నాట్యమాడే ఒక్క ఈగను విడిగా పట్టుకోవాలంటే, ఆ పట్టునే తీసిన చిత్రాల్లో మళ్లీ చేత్తో గుర్తులు పెట్టాల్సిందే.