దేనికంటే నయం?

అందరికీ నమస్కారం. వెనక నిల్చున్న పెద్దలు కూడా ముందుకొచ్చి కూర్చోండి, మీతోనే ఎక్కువ పని ఉంది.

గోదావరి లంకల్లో పుట్టినవాళ్ళకి పొగాకు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. మా తాతగారు లంక పొగాకు చుట్ట లేకుండా చేలోకి దిగేవారు కాదు. చివరి రెండేళ్ళూ ఆయన పడుకుని నిద్రపోలేదు. తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉండేవారు, ఛాతీలో పిల్లికూతలు వీధరుగు దాకా వినపడేవి. నేను ఊపిరితిత్తుల డాక్టరు కావడానికి కారణం అదే.

ఇప్పుడు కాలేజీ కుర్రాళ్ళు వేప్ గురించి, అదే బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ సిగరెట్ గురించి, వచ్చి అడుగుతున్నారు, "డాక్టరు గారూ, వేప్‌లో పొగ ఉండదు, ఆవిరే కదా, సిగరెట్ కంటే నయమే కదా" అని. నేను తిరిగి అడిగేది ఒకటే: నువ్వు ఇప్పుడు సిగరెట్ తాగుతున్నావా, లేదా?

తాగేవాడికైతే నిజం దాచను. పొగాకు కాలినప్పుడు 7,000కు పైగా రసాయనాలు పుడతాయి, తారు, కార్బన్ మోనాక్సైడ్ అందులోవే. వేప్‌లో ఏదీ కాలదు, తీగ వేడెక్కి, పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్ కలిపిన ద్రవం సన్నటి తుంపరగా లేస్తుంది. అందుకే విషాలు బాగా తక్కువ. కానీ అది ఇడ్లీపాత్రలోంచి వచ్చే ఆవిరి కాదమ్మా, అందులో ఫార్మాల్డిహైడ్ అనే విష రసాయనం ఉంటుంది, తీగ నుంచి ఊడిన నికెల్, సీసం లాంటి లోహాలు ఉంటాయి. ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో 95 శాతం తక్కువ హాని అంది. అది నిపుణులు కూర్చుని వేసిన అంచనా, రోగులను ఏళ్ళ తరబడి చూసి లెక్కగట్టింది కాదు. సిగరెట్ తాగేవాళ్ళు సగటున పదేళ్ళు ముందే పోతారని తేల్చడానికి బ్రిటిష్ డాక్టర్లను 1951 నుంచి యాభై ఏళ్ళు గమనించాల్సి వచ్చింది. వేప్‌కి అంత వయసెక్కడిది?

నన్ను ఎక్కువ బాధపెట్టేది రెండూ కలిపి తాగేవాళ్ళు. టీతో సిగరెట్, గదిలో వేప్, తగ్గించేశానని సంబరం. 2017లో లండన్ పరిశోధకులు మూత్రం, లాలాజలం పరీక్షించి చూస్తే, పూర్తిగా వేప్‌కి మారినవాళ్ళలో క్యాన్సర్ కారకాలు బాగా తగ్గాయి, రెండూ తాగేవాళ్ళలో పెద్దగా తగ్గనేలేదు. గుండె సంగతి ఇంకా ఘోరం. రోజుకి ఇరవై తాగేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, ఒక్కటి తాగేవాడికీ ఉంటుంది.

మానడానికి వేప్ పనికొస్తుందా అంటే, కొంత. 2019లో ఇంగ్లండ్‌లో 886 మందితో చేసిన ప్రయోగంలో ఏడాదికి సిగరెట్ మానినవాళ్ళు వేప్‌తో 18 శాతం, నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటివాటితో 9.9 శాతం. కానీ అలా వేప్‌తో మానిన వాళ్ళలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వదల్లేదు. పైగా మన దేశంలో 2019 నుంచి వేప్ అమ్మకం నిషేధం, టౌన్లో దొరికేది దొంగసరుకు, అందులో ఏం పోశారో చూసే నాథుడు లేడు. అమెరికాలో అదే ఏడాది వేప్ తాగేవాళ్ళలో మొదలైన ఊపిరితిత్తుల జబ్బుతో 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువగా పట్టుబడింది వేప్‌లో పోసే గంజాయి ద్రవంలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనెలాంటి పదార్థం.

ఎప్పుడూ తాగని పిల్లలూ, మీరు వేప్‌ని పోల్చాల్సింది సిగరెట్‌తో కాదు, ఈ ఏటిగట్టు మీద వీచే గాలితో.

చుట్ట తాగే పెద్దలకి నికోటిన్ గమ్ మందుల షాపుల్లోనే దొరుకుతుంది, ఎలా వాడాలో నేను చెప్తాను. ఊది చూసే మీటరు తెచ్చాను. సభ అయ్యాక ఆ రావిచెట్టు కింద కూర్చుంటా, ఒక్కొక్కరూ వచ్చి ఊదండి.