హై హీల్స్ లేకుండా రోజూ వేసుకునే షూస్ ఎలా ఎంచుకోవాలి?

హాయ్ అండి, నమస్తే. ఈరోజు షూస్ గురించి మాట్లాడుకుందాం. టేబుల్ మీద ఐదు జతలు పెట్టాను, చూడండి. ఇది క్లాగ్, మందపాటి అడుగు, వెనక పట్టీ ఉన్నది. ఇది మేరీ జేన్, పాదం మీదుగా అడ్డంగా పట్టీ ఉన్నది. దీని ముందుభాగం చూడండి, గుండ్రంగా, వెడల్పుగా ఉంది కదా, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇది కొల్హాపురి. ఇది జనపనార అడుగున్న ఎస్పడ్రిల్. ఇక ఇది, ఎక్కడికి వేసుకెళ్ళినా అందరూ ఆగి చూసేది, బొటనవేలి పక్కన చీలిక ఉన్న తబి రకం. జపాన్‌లో పనివాళ్ళు వేసుకునే జికా తబి లాంటిది. 1988లో మార్టిన్ మార్జెలా అనే బెల్జియం డిజైనర్ దీన్ని ప్యారిస్ ఫ్యాషన్ షోకి తీసుకెళ్ళాడు.

వీటిలో ఒక్కదానికీ హై హీల్ లేదు. ఆఫీసుకి ఇవే, చీర మీదకి ఇవే, మా బెంగళూరు కమర్షియల్ స్ట్రీట్‌లో షాపింగ్‌కీ ఇవే.

హీల్ వేసుకుంటే ఏమవుతుందో త్వరగా చెప్పేస్తాను. మడమ పైకి లేస్తుంది, ఒంటి బరువు ఎక్కువగా పాదం ముందుభాగం మీద పడుతుంది. ముందువైపు కొసగా ఉంటే వేళ్ళు ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతాయి. ఆనెకాయలు వస్తాయి. ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటే పిక్క కండరాలు కురచబడతాయి, మడమ వెనకున్న నరంలాంటి స్నాయువు బిగుసుకుపోతుంది. అందుకే ఒక మాట, ఇది బాగా వినండి. ఇన్నాళ్ళూ హీల్స్ వేసుకుని రేపటినుంచి ఒక్కసారిగా పూర్తి ఫ్లాట్‌కి దిగొద్దు, పిక్కలు పట్టేస్తాయి. ముందు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున్న, వెడల్పాటి మడమ ఉన్న జత వేసుకుని, అలవాటయ్యాక కిందికి రండి. ఇప్పటికే మడమ నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించుకున్నాకే కొనండి.

సరే, మొదటి స్టెప్. కాగితం, పెన్సిల్. అంతే.

ఇక్కడ మాత్రం నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే ఈ స్టెప్ దగ్గరే నాకు చాలాకాలం పట్టింది. కాగితం నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. కూర్చుని కాదు, నిలబడి. బరువు పడితే పాదం పరుచుకుంటుంది, వెడల్పు పెరుగుతుంది. కూర్చుని గీస్తే సన్నగా వస్తుంది, ఆ కొలతతో కొన్న షూ కరుస్తుంది. పెన్సిల్ నిటారుగా పట్టుకోండి, ఇలా. లోపలికి వంచితే గీత పాదం కిందికి పోతుంది. చూశారా తేడా? ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్ళ చేత గీయించుకోండి, మనం వంగి గీస్తే బరువు ఒక పక్కకి పోతుంది. సాయంత్రం గీయండి, పొద్దుటికంటే సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. రెండు పాదాలూ గీయండి, రెండూ ఒకేలా ఉండవు. పెద్దదాని కొలతే తీసుకోండి. ఇంకొకటి, మెట్టెలు తియ్యకండి! మెట్టెలతోనే గీయండి. షూలో ఉండేది మెట్టెలతో ఉన్న వేలే కదా.

ఇప్పుడు గీత వెంట కత్తిరించండి. షూలోంచి లోపలి అట్ట బయటికి లాగి, దాని మీద ఈ కాగితం పెట్టండి. ఇదిగో, నా పాత హీల్ అట్ట. చిటికెన వేలు మొత్తం బయటే ఉంది చూడండి. బొటనవేలు సగం బయట. ఇది మేరీ జేన్ అట్ట... కాగితం మొత్తం లోపలే. ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ కూడా ఉంది. నేను చెప్పాలనుకున్నది ఇదే. సైజు నంబరు పొడవు చెప్తుంది, వేళ్ళ దగ్గర వెడల్పు చెప్పదు. అట్ట బయటికి రాని షూ అయితే కాగితాన్ని అడుగున పెట్టి చూడండి. అడుగు కన్నా కాగితమే వెడల్పుగా ఉంటే ఆ జత వద్దు. నా కాగితం ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటుంది. జయనగర్ 4వ బ్లాక్‌లో కొట్లు తిరిగేటప్పుడు తీసి పెట్టి చూస్తాను, షాపువాళ్ళు ఏమీ అనుకోరు.

రెండోది, షూని చేత్తో వంచడం. వేళ్ళు వంగే చోటే వంగాలి. మధ్యలో మడత పడితే తిరిగి షాపులోనే పెట్టేయండి. అయిపోయింది.

మూడోది బట్టలు. హీల్ తీసేశాక చాలామంది "పొట్టిగా కనిపిస్తున్నాను" అంటారు. చాలాసార్లు అసలు సంగతి అంచు. ప్యాంటు హీల్ ఎత్తుకి కుట్టించి ఉంటుంది, ఫ్లాట్ వేసుకోగానే నేల మీద పడి మడతలు పడుతుంది. టైలర్ దగ్గరికి ఈ షూస్ వేసుకునే వెళ్ళండి. చీలమండ కనిపించేంత పైకి పెట్టించుకుంటే షూ మొత్తం కనిపిస్తుంది, క్లాగ్ లాంటి మందంగా కనిపించే జత అప్పుడే బాగుంటుంది. చీరకైతే ముందు షూస్ వేసుకుని, తర్వాత కుచ్చిళ్ళు పెట్టుకోండి. షూ విడ్డూరంగా ఉంటే మిగతావి సాదాగా ఉంచండి. నేనైతే నేత కాటన్ చీర, తబి. నగలు తక్కువ. కానీ ఆ చీలిక దగ్గర మెట్టెలు రాసుకోవచ్చు, వేసి నడిచి చూశాకే కొనండి.

మనం ఇంటి గుమ్మం దగ్గర, గుడి దగ్గర, కొన్ని క్లినిక్‌ల దగ్గర కూడా విప్పుతాం కదా, అందుకని రోజూ వాడే జతకి లేసులు వద్దు. లేసులున్న షూలో మడమ జారుతుంటే మాత్రం ఒక చిట్కా. అన్నిటికంటే పైన ఈ అదనపు రంధ్రం ఉంది చూడండి. లేసుని అదే పక్క రంధ్రంలోకి దోపి చిన్న ఉచ్చులా వదలండి, రెండో పక్కా అంతే. ఇప్పుడు ఈ కొస ఆ ఉచ్చులోంచి, ఆ కొస ఈ ఉచ్చులోంచి. కిందికి లాగి ముడి వేయండి. మడమ కదలదు.

కొల్హాపురి గురించి చెప్పకుండా ఉండలేను. 2019లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు వస్తువని చెప్పే గుర్తింపు వచ్చింది, మహారాష్ట్రతో పాటు మన కర్ణాటకలో కొన్ని జిల్లాలకి కూడా. బెళగావి జిల్లా అథణిలో చేసేవాళ్ళున్నారు. వెడల్పుగా, చల్లగా ఉంటుంది. కానీ తోలు, తడవకూడదు. బెంగళూరులో సాయంత్రం ఎప్పుడు వాన పడుతుందో తెలియదు, వానాకాలంలో రబ్బరు తరహా ఈ తేలికపాటి క్లాగ్ వేసుకోండి. చర్చ్ స్ట్రీట్‌లో తడిసిన రాళ్ళ మీద నడవాలంటే అడుగున గాళ్ళు లోతుగా ఉన్నది చూసుకోండి.

కొన్నాక వెంటనే బయటికి వేసుకెళ్ళకండి. ఇంట్లో శుభ్రమైన గచ్చు మీద, వంట చేసుకుంటూ, ఓ గంట తిరగండి. విప్పాక పాదం చూడండి. మడమ వెనక, చిటికెన వేలి పక్కన ఎర్రటి గుర్తు పడిందా? కాసేపటికి పోతే పర్లేదు. అరగంటైనా పోకపోతే "వాడగా వాడగా సాగుతుందిలే" అనుకోవద్దు, అడుగు మాయకముందే షాపుకి తీసుకెళ్ళి మార్చుకోండి. అందుకే బిల్లూ, డబ్బా అప్పటిదాకా పారేయకండి.