టికెట్ అడిగిన టీచరమ్మ: షర్లీ చిజమ్ నుంచి కమలా హారిస్ దాకా

తమ్ముడు: నమస్కారమండీ. విజయవాడ నుంచి నేను, న్యూజెర్సీ నుంచి అక్క. అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, ఇక్కడ సాయంత్రం ఆరు. పోయిన వారం అక్క ఒక పాత ఫోటో పంపింది. ఒక పార్కులో గోడ మీద ఒకావిడ పెద్ద బొమ్మ. కింద "ఎవరో చెప్పుకో" అని రాసింది. నేను చెప్పలేకపోయాను. అక్కా, ఎవరావిడ?

అక్క: షర్లీ చిజమ్.

తమ్ముడు: ఆ పేరు నేను చిషోల్మ్ అని చదువుకున్నాను.

అక్క: స్పెల్లింగ్ అలాగే ఉంటుంది కానీ పలికేది చిజమ్ అనే. ఆ పార్కు బ్రూక్లిన్‌లో జమైకా బే ఒడ్డున ఉంది. 407 ఎకరాలు. ఒకప్పుడు అదంతా డంపింగ్ యార్డు. చెత్త గుట్టల మీద మట్టి కప్పి, గడ్డి పెంచి, చెట్లు నాటి 2019లో పార్కుగా తెరిచారు, ఆవిడ పేరు పెట్టారు. తెరిచిన కొత్తల్లో పాపతో సైకిళ్ళ మీద వెళ్ళాను. దానికప్పుడు పదకొండేళ్ళు. చివరి ఎత్తు దగ్గర తొక్కలేక దిగి నెట్టుకుంటూ ఎక్కాం. పైకెళ్తే ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క దూరంగా ఎంపైర్ స్టేట్ బిల్డింగ్. పాప అడిగింది, "ఈవిడ ప్రెసిడెంట్ అయ్యారా?" అని. "లేదు, పోటీ చేశారు" అన్నాను. "ఓడిపోతే ఇంత పెద్ద పార్కుకి పేరెందుకు పెట్టారు?" అంది. జవాబు చెప్తూ చెప్తూ ఇల్లు చేరాం, అయినా పూర్తి కాలేదు.

తమ్ముడు: ఆ జవాబు మాకూ చెప్పు.

అక్క: ఆవిడ 1924లో బ్రూక్లిన్‌లో పుట్టారు. నాన్నది బ్రిటిష్ గయానా, అమ్మది బార్బడోస్. అమ్మ బట్టలు కుట్టేవారు, వేరేవాళ్ళ ఇళ్ళలో పనిచేసేవారు. పిల్లల్ని చూసుకోవడానికి వీల్లేక కొన్నేళ్ళు బార్బడోస్‌లో అమ్మమ్మ దగ్గర ఉంచారు. మన ఊళ్ళలో పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి పనికి వెళ్ళినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. తర్వాత చదువుకుని నర్సరీ స్కూల్లో టీచరయ్యారు. 1968లో అమెరికా కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే.

తమ్ముడు: ప్రత్యర్థి ఎవరు?

అక్క: జేమ్స్ ఫార్మర్. పౌరహక్కుల ఉద్యమంలో దేశమంతా తెలిసిన నాయకుడు. వాషింగ్టన్‌లో మనవైపు గట్టిగా నిలబడే మగవాడు ఉండాలి అన్నట్టుగా ఆయన ప్రచారం నడిచింది. ఈవిడేమో ఓటర్ల లిస్టు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆ నియోజకవర్గంలో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళ ఓట్లు ఎక్కువ. మహిళా సంఘాల చుట్టూ, చర్చిల చుట్టూ తిరిగారు. పోర్టోరికో వాళ్ళుండే వీధుల్లో స్పానిష్‌లో మాట్లాడారు. మధ్యలో ఆపరేషన్ అయి మంచాన పడితే, ఆవిడ కనిపించడం లేదేమని అవతలి పక్షం అడగడం మొదలుపెట్టింది. పూర్తిగా కోలుకోకుండానే మైకు బండి ఎక్కి మళ్ళీ వీధుల్లోకి వచ్చారు. భారీ తేడాతో గెలిచారు.

తమ్ముడు: గెలిచాక మర్యాద దక్కిందా?

అక్క: వ్యవసాయ కమిటీలో వేశారు. అడవులు, గ్రామాలు చూసే ఉపకమిటీ. ఆవిడ నియోజకవర్గమేమో నిండా ఇళ్ళే ఉన్న బ్రూక్లిన్. కొత్తగా వచ్చిన సభ్యులు ఇచ్చింది తీసుకుని నోరు మూసుకోవడం అక్కడ ఆనవాయితీ. ఈవిడ సభలో నిలబడి కుదరదన్నారు. మాజీ సైనికుల కమిటీకి మార్చారు. నా నియోజకవర్గంలో చెట్ల కంటే మాజీ సైనికులే ఎక్కువ, అని అది తీసుకున్నారు. ఇంతకీ ఇక్కడ గమనించాల్సింది, ఆవిడ బాధపడి ఊరుకోలేదు. రూల్ ఎక్కడుంది, దాన్ని ఎవరు మార్చగలరు, అని చూశారు. ప్రెసిడెంట్ పోటీలోనూ అదే చేశారు.

తమ్ముడు: అది 1972 కదా. అసలు టికెట్ ఎలా వస్తుందో ముందు చెప్పు. మన దగ్గరైతే అధిష్ఠానం బీ ఫారం ఇస్తే అయిపోతుంది.

అక్క: ఇక్కడ బీ ఫారం ఇచ్చే అధిష్ఠానం లేదు. రాష్ట్రం తర్వాత రాష్ట్రం ప్రైమరీలు, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు, జరుగుతాయి. అక్కడ వచ్చిన ఓట్లని బట్టి డెలిగేట్లు, అంటే పార్టీ ప్రతినిధులు, వస్తారు. చివర్లో జాతీయ కన్వెన్షన్‌లో, అంటే పార్టీ మహాసభలో, ఆ డెలిగేట్లలో సగానికి పైగా ఎవరికి ఓటేస్తే టికెట్ వాళ్ళది. అంటే డెలిగేట్లని లెక్కపెట్టే పద్ధతిలోనే సగం ఆట ఉంది. ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

1972 జనవరి 25న బ్రూక్లిన్‌లో ఒక బాప్టిస్టు చర్చిలో డెమొక్రాటిక్ పార్టీ టికెట్ కోసం పోటీ ప్రకటించారు. అప్పుడన్న మాట నాకు చాలా ఇష్టం. నేను నల్లజాతిదాన్ని, అందుకు గర్వపడతాను, కానీ నల్లజాతి అమెరికాకి మాత్రమే అభ్యర్థిని కాను. ఆడదాన్ని, అందుకూ అంతే గర్వపడతాను, కానీ మహిళా ఉద్యమానికి అభ్యర్థిని కాను. నేను అమెరికా ప్రజల అభ్యర్థిని, అన్నారు.

తమ్ముడు: ఆ రెండు వర్గాలూ వెంట నిలిచాయా మరి?

అక్క: అదే నాకు బాధ. నల్లజాతి నాయకుల్లో చాలామంది మగవాళ్ళు, ముందు మనలో ఒక మగవాడు పోటీ చేయాలి కదా అన్నట్టు ఉన్నారు. మహిళా ఉద్యమంలో పెద్ద పేర్లేమో సగం మనసుతో నిలబడ్డాయి, అదే టికెట్‌కి పోటీపడుతున్న జార్జ్ మెక్‌గవర్న్ గెలిచే గుర్రం అని అటు చూశాయి. నల్లజాతిదాన్నయినందుకు కంటే ఆడదాన్నయినందుకే ఎక్కువ వివక్ష చూశానని ఆవిడే తర్వాత చెప్పారు. చేతిలో డబ్బు లేదు. మొత్తం ప్రచారం మూడు లక్షల డాలర్లతోనే అయిపోయింది. దేశమంతా తిరగాల్సిన పోటీకి అది ఏ మూలకి?

టీవీ సంగతి విను. కాలిఫోర్నియా ప్రైమరీ ముందు మెక్‌గవర్న్‌నీ, మరో పోటీదారు హ్యూబర్ట్ హంఫ్రీనీ పెట్టి డిబేట్లు ఏర్పాటు చేశారు. ఈవిడకి పిలుపు లేదు. కోర్టుకెళ్ళారు. కోర్టు చెప్పాకే టీవీలో అరగంట దొరికింది. పిలవని పెళ్ళికి వెళ్ళకూడదంటారు కానీ, ఇది పెళ్ళి కాదు కదా, ఎన్నిక.

తమ్ముడు: చిజమ్ జార్జ్ వాలెస్‌ని ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళిందని చెప్పావు. అది నిజంగా జరిగిందా?

అక్క: జరిగింది. వాలెస్ అలబామా గవర్నర్. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఎప్పటికీ వేరువేరుగానే ఉండాలని 1963లో పదవీ ప్రమాణం రోజున గొంతెత్తి చెప్పిన మనిషి. ఆయన కూడా అదే టికెట్ కోసం పోటీలో ఉన్నాడు. 1972 మే 15న మేరీల్యాండ్‌లో సభ ముగిశాక ఎవడో కాల్చాడు. నడుం కింద చచ్చుబడిపోయింది. చిజమ్ ఆసుపత్రికి వెళ్ళారు. ఆయన ఆశ్చర్యపోయి, మీవాళ్ళు ఏమనుకుంటారు, అని అడిగాడు. ఏమనుకుంటారో నాకు తెలుసు, కానీ మీకు జరిగింది ఎవరికీ జరగకూడదు, అన్నారు ఈవిడ. ఆయన ఏడ్చేశాడని ఆవిడే చెప్పారు.

తమ్ముడు: సొంత మనుషులకి కోపం రాలేదా?

అక్క: వచ్చింది, బాగా వచ్చింది. వాళ్ళ కోపంలో తప్పేముంది? అయితే రెండేళ్ళ తర్వాత, 1974లో, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి కనీస వేతనం ఇచ్చే చట్టం కోసం ఆవిడ కష్టపడుతుంటే, దక్షిణాది సభ్యుల ఓట్లు రావడానికి వాలెస్ సాయం చేశాడు. ఆవిడ అమ్మ చేసిన పని అదే కదరా, ఇళ్ళలో పని. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

తమ్ముడు: కన్వెన్షన్‌లో ఎన్ని ఓట్లొచ్చాయి?

అక్క: మయామీ బీచ్‌లో 152 డెలిగేట్ ఓట్లు. టికెట్ మెక్‌గవర్న్‌కి వెళ్ళింది. ఆవిడ కంటే ముందు ఎవరూ లేరని కాదు. 1872లోనే విక్టోరియా వుడ్‌హల్ పోటీకి దిగింది, అప్పటికి ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు హక్కు రావడానికి ఇంకా 48 ఏళ్ళుంది. 1964లో సెనేటర్ మార్గరెట్ చేజ్ స్మిత్‌కి రిపబ్లికన్ కన్వెన్షన్‌లో 27 ఓట్లొచ్చాయి. కానీ రెండు పెద్ద పార్టీల్లో ఒకదాని టికెట్ అడిగిన మొదటి నల్లజాతి మహిళ చిజమ్.

ఇప్పుడు డెలిగేట్ల లెక్క దగ్గరికి వద్దాం. 1984లో నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ అదే పార్టీ టికెట్‌కి నిలబడ్డారు. ప్రైమరీ ఓట్లలో దాదాపు 18 శాతం వచ్చాయి, డెలిగేట్లు మాత్రం ఆ నిష్పత్తిలో రాలేదు. 1988లో మళ్ళీ నిలబడి 70 లక్షలకి దగ్గరగా ఓట్లు తెచ్చుకున్నారు, మిషిగన్ గెలిచారు. టికెట్ రాలేదు. అయితే ఓడిపోయి ఖాళీ చేతులతో వెళ్ళలేదు. ఓట్లు ఎన్నొస్తే డెలిగేట్లూ అదే దామాషాలో ఇవ్వాలి, గెలిచినవాడికి అదనపు డెలిగేట్లు ఉండకూడదు, అని పట్టుబట్టి రూల్ మార్పించారు.

తమ్ముడు: ఆ రూల్ ఎవరికి ఉపయోగపడింది?

అక్క: ఇరవై ఏళ్ళ తర్వాత ఒబామాకి. 2008 ఫిబ్రవరి 5, డెమొక్రాటిక్ టికెట్ కోసం ఒబామాకీ హిల్లరీ క్లింటన్‌కీ మధ్య ఒకేరోజు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో పోలింగ్. నేను అప్పుడు ఇక్కడే ఉన్నాను, డిపెండెంట్ వీసా మీద. ఓటు లేదు. పాప కడుపులో ఉంది. సోఫాలో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తున్నాను. న్యూజెర్సీని హిల్లరీ గెలిచింది. నేను సంబరపడ్డాను, దాచుకోవడమెందుకు, నాకు ఆవిడంటే ఇష్టం. తీరా లెక్క చూస్తే హిల్లరీకి 59 డెలిగేట్లు, ఒబామాకి 48. తేడా పదకొండే. అదే రోజు చిన్న రాష్ట్రం ఐడహోలో ఒబామాకి 15, హిల్లరీకి 3. తేడా పన్నెండు! న్యూజెర్సీ అంత రాష్ట్రం గెలిచి తెచ్చుకున్నది ఐడహోలో పోయింది.

తమ్ముడు: అంటే పాత పద్ధతే ఉంటే?

అక్క: గెలిచినవాళ్ళకి అదనపు డెలిగేట్లు ఇచ్చే ఆ పాత రూల్ ఉంటే, కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ గెలిచిన హిల్లరీని పట్టుకోవడం ఒబామాకి చాలా కష్టమయ్యేది. ఒబామా నవంబరులో 365 ఎలక్టోరల్ ఓట్లతో, అంటే ప్రెసిడెంట్‌ని తేల్చే రాష్ట్రాలవారీ ఓట్లతో, గెలిచిన రాత్రి షికాగోలో జెస్సీ జాక్సన్ జనంలో నిలబడి ఏడుస్తున్న దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఆ కన్నీళ్ళ వెనక ఈ రూల్ కూడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తమ్ముడు: హిల్లరీకి మాత్రం రెండుసార్లూ లెక్కే అడ్డం వచ్చింది.

అక్క: 2016లో ఇంకా ఘోరం. జనం ఓట్లు ట్రంప్ కంటే దాదాపు 29 లక్షలు ఎక్కువొచ్చాయి, కానీ ఎలక్టోరల్ కాలేజీలో, అంటే ఆ రాష్ట్రాలవారీ లెక్కలో, ఓడిపోయింది. జనం ఆడమనిషికి ఓటెయ్యరు అని ఎవరైనా అంటే నేను ఈ అంకె చెప్తాను.

తమ్ముడు: 2024కి వద్దాం. ఇక్కడ వడ్లూరులో పూజలు, అక్కడ తమిళనాడులో తులసేంద్రపురంలో పూజలు.

అక్క: అవును. పశ్చిమ గోదావరి వడ్లూరు ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు, తులసేంద్రపురం కమలా హారిస్ తాతగారి ఊరు. ఒకావిడ ఉపాధ్యక్ష అభ్యర్థి భార్య, ఒకావిడ స్వయంగా ప్రెసిడెంట్ అభ్యర్థి. మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "మన అమ్మాయి" అని ఒకటే హడావిడి. నాకూ గుండె నిండింది, కాదనను. కానీ చిజమ్ మాట ఉంది చూడు, ఫలానావాళ్ళ అభ్యర్థిని మాత్రమే కాను అని. నేను కూడా ఆ కొలతతోనే చూశాను. మన ఊరి మనిషా అన్నది కాదు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళ జీతం గురించి ఏమంటున్నారు, ఆసుపత్రి బిల్లుల గురించి ఏమంటున్నారు, అని.

తమ్ముడు: హారిస్‌కి చిజమ్ గురించి తెలుసు కదా?

అక్క: తెలియకపోవడమేంటి? 2019లో మొదటిసారి పోటీ ప్రకటించినప్పుడు తన ప్రచారం లోగో రంగులూ అక్షరాలూ చిజమ్ 1972 పోస్టర్లని గుర్తుచేసేలా పెట్టుకుంది. 2024 జులై 21న బైడెన్ తప్పుకున్నాక ఆమె చేతిలో ఉన్నది వంద రోజుల పైచిలుకు. 226 ఎలక్టోరల్ ఓట్ల దగ్గర ఆగిపోయింది. అదే ఏడు నిక్కీ హేలీ వాషింగ్టన్ డీసీలో గెలిచి, రిపబ్లికన్ ప్రైమరీ గెలిచిన మొదటి మహిళ అయింది. ఆమెవి నాకు నచ్చని మాటలు చాలా ఉన్నాయి, అయినా ఆ గెలుపు గెలుపే.

తమ్ముడు: చివరగా బార్బరా లీ సంగతి చెప్తానన్నావు.

అక్క: 1972లో ఆమె కాలిఫోర్నియాలో మిల్స్ కాలేజీ విద్యార్థిని. కోర్సులో భాగంగా ఎవరో ఒక అభ్యర్థి ప్రచారంలో పనిచేయాలి. వీళ్ళెవరూ నాకు నచ్చలేదు, ఫెయిలయినా సరే చేయను, అనుకుంది. చిజమ్ కాలేజీకి వచ్చి మాట్లాడారు. ఆ తర్వాత ఈ అమ్మాయి వెళ్ళి నేను మీకు పనిచేస్తానంటే ఆవిడ అడిగింది ఒకటే: ఓటరుగా పేరు నమోదు చేయించుకున్నావా? లేదు. ముందు ఆ పని చెయ్యి, అన్నారు. ఆ అమ్మాయి తర్వాత పాతికేళ్ళకి పైగా కాంగ్రెస్‌లో ఉంది, 2025లో ఓక్లండ్ మేయరయింది.

తమ్ముడు: పాపకి ఇప్పుడు పదిహేడు కదా?

అక్క: పదిహేడు నిండాయి. ఇక్కడ పదిహేడుకే పేరు నమోదు చేయించుకోవచ్చు, ఓటు సాధారణంగా పద్దెనిమిది వచ్చాకే. నీకు ఫోటో పంపిన రోజు రాత్రి ఇద్దరం వంటింట్లో కూర్చుని ఫారం తెరిచాం. సంతకం ఎలా పెట్టాలని పది నిమిషాలు ఆలోచించింది. కాగితం మీద ఆరేడుసార్లు పెట్టి చూసుకుంది. చివరికి ఇంటిపేరు కూడా పూర్తిగా రాసే పెట్టింది.