మోటార్ గ్లైడర్ అద్దెకు తీసుకుని నడపాలంటే: అమెరికాలో లైసెన్సు, శిక్షణ, బీమా

(తెరపై: పొడవైన సన్నని రెక్కలతో, సొంత ఇంజన్‌తో రన్‌వే వైపు కదులుతున్న గ్రోబ్ 109బి)

నమస్కారం. మీరు చూస్తున్నది జర్మనీలో తయారైన గ్రోబ్ 109బి. దీని ముక్కున ఇంజన్, ప్రొపెల్లర్ ఉన్నాయి. లోపల ఇద్దరు పక్కపక్కనే కూర్చోవచ్చు. మరో విమానం తాడు కట్టి లాగవలసిన అవసరం లేకుండా ఇది తనంతట తానే గాలిలోకి లేస్తుంది. చూపుకు చిన్న విమానంలాగే ఉన్నా, అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ఎఫ్ఏఏ దృష్టిలో ఇది గ్లైడర్. అమెరికాలో ఉంటూ సెస్నా వంటి చిన్న విమానాలు నడపడం నేర్చుకున్న తెలుగువారు మోటార్ గ్లైడర్ వైపు చూసినప్పుడు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే, ఎందుకంటే లైసెన్సు, శిక్షణ, అద్దె ఒప్పందం, బీమా అన్నీ ఈ వర్గీకరణను బట్టే నడుస్తాయి.

ఎగిరే స్థితి ప్రధానంగా ఇంజన్ మీద ఆధారపడనిదే గ్లైడర్ అని చట్టం నిర్వచిస్తుంది. ఇంజన్ ఉన్న గ్లైడర్‌ను ఆమోదించేందుకు ఎఫ్ఏఏ మార్గదర్శకాలు రెండు కొలతలు పెట్టాయి: గరిష్ఠ బరువు 850 కిలోలు మించరాదు, ఆ బరువును రెక్కల మొత్తం పొడవు వర్గంతో (మీటర్లలో ఆ పొడవును దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్యతో) భాగిస్తే వచ్చే సంఖ్య 3 దాటరాదు. గ్రోబ్ 109బి గరిష్ఠ బరువు 850 కిలోలు, రెక్కల పొడవు 17.4 మీటర్లు కాబట్టి ఫలితం సుమారు 2.8 వస్తుంది. సుమారు 11 మీటర్ల రెక్కలు, 1,100 కిలోలు దాటిన గరిష్ఠ బరువు గల సెస్నా 172కు ఇదే లెక్క వేస్తే 9 దాటుతుంది. తక్కువ బరువును మోసే ఆ పొడవైన రెక్కల వల్లనే ఇంజన్ ఆపాక కూడా మోటార్ గ్లైడర్ చాలా దూరం సాగగలుగుతుంది.

(తెరపై: రెండు జారుడు దారులను పోల్చే చిత్రం)

గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు 1,000 మీటర్ల ఎత్తు నుంచి ఇంజన్ సాయం లేకుండా సెస్నా 172 సుమారు 9 కిలోమీటర్లు వెళ్తే, గ్రోబ్ 109బి, సూపర్ డిమోనా వంటి మోటార్ గ్లైడర్లు 27 కిలోమీటర్ల దాకా వెళ్లగలవు. వేడెక్కిన నేల నుంచి పైకి లేచే గాలి, అంటే థర్మల్, దొరికితే ఎత్తు పెరుగుతుంది కూడా.

ఇక అర్హత సంగతి. మీ దగ్గర ఏ లైసెన్సూ లేకపోతే ప్రైవేట్ పైలట్ గ్లైడర్ రేటింగ్‌కు, అంటే గ్లైడర్ నడిపే అర్హతకు, కనీసం 16 ఏళ్లు నిండాలి. ఒంటరిగా ఎగరడానికి కావలసిన స్టూడెంట్ పైలట్ సర్టిఫికేట్ 14 ఏళ్లకే ఇస్తారు. గ్లైడర్‌లో కనీసం 10 గంటల అనుభవం, అందులోనే 20 ఫ్లయిట్లు, అలాగే 10 లాంచ్‌లు (గాలిలోకి లేవడాలు), ల్యాండింగులతో కూడిన 2 గంటల సోలో, అంటే ఒంటరిగా ఎగరడం, ఉండాలి. రాతపరీక్ష రాసి, ఎగ్జామినర్ ముందు చెక్‌రైడ్, అంటే నడిపి చూపించే పరీక్ష, పూర్తి చేయాలి.

మీకు ఇప్పటికే విమానం రేటింగ్‌తో ప్రైవేట్ లైసెన్సు, విమానాల్లో మొత్తం 40 గంటలు ఎగిరిన అనుభవం ఉంటే దారి బాగా తగ్గుతుంది. గ్లైడర్‌లో 3 గంటలు, 10 సోలో ఫ్లయిట్లు, చెక్‌రైడ్‌కు ముందు రెండు క్యాలెండర్ నెలల్లో ఇన్‌స్ట్రక్టర్‌తో 3 శిక్షణ ఫ్లయిట్లు చేస్తే చాలు. మళ్లీ రాతపరీక్ష ఉండదు, చెక్‌రైడ్ మాత్రం తప్పదు. ఇవి చట్టం అడిగే కనీసపు అంకెలు మాత్రమే. ఇంజన్ మోత లేని విమానాన్ని చక్కగా దించడం చేతికి అలవాటయ్యే వరకు సాధన చేయడమే సరైన కొలమానమని నా గట్టి అభిప్రాయం.

గ్లైడర్ రేటింగ్ వచ్చాక కూడా ఒక మెట్టు మిగిలి ఉంటుంది. గ్లైడర్‌ను గాలిలోకి లేపే పద్ధతులను చట్టం మూడుగా విడదీసింది: నేల మీద నుంచి తాడుతో లాగడం, మరో విమానం వెనుక లాగించుకోవడం, సొంత ఇంజన్‌తో లేవడం. ప్రతి పద్ధతికీ వేరుగా శిక్షణ పొంది, ఇన్‌స్ట్రక్టర్ చేత లాగ్‌బుక్‌లో (ఎగిరిన వివరాలు రాసుకునే పుస్తకంలో) ఎండార్స్‌మెంట్, అంటే సంతకంతో కూడిన ధ్రువీకరణ, రాయించుకోవాలి. మోటార్ గ్లైడర్‌కు కావలసింది మూడవ పద్ధతికి ఇచ్చే సెల్ఫ్ లాంచ్ ఎండార్స్‌మెంట్.

ఆచరణలో అసలు చిక్కు సోలో దగ్గర ఎదురవుతుంది. గ్లైడర్ రేటింగ్ ఇంకా రాని విద్యార్థిని మోటార్ గ్లైడర్‌లో ఒంటరిగా పంపడానికి యజమాని బీమా ఒప్పుకోకపోవచ్చు. సోలో లేకుండా రేటింగ్ రాదు. అందువల్ల ముందు ఒక గ్లైడర్ క్లబ్‌లో చేరి, ఏఎస్‌కే 21 లేదా ష్వైట్జర్ 2-33 వంటి రెండు సీట్ల శిక్షణ గ్లైడర్‌లో, విమానం లాగే పద్ధతిలో రేటింగ్ పూర్తి చేసుకుని, ఆ తర్వాత మోటార్ గ్లైడర్‌లో సెల్ఫ్ లాంచ్ నేర్చుకోవడమే నేను సూచించే క్రమం. క్లబ్‌లో దొరికే మరో లాభం ఏమిటంటే, ఇంజన్ అనే ఆసరా లేకుండా ప్రతి ల్యాండింగ్‌నూ ఒకే అవకాశంగా భావించి దించే క్రమశిక్షణ మొదటి రోజు నుంచే అలవడుతుంది.

(తెరపై: కాక్‌పిట్‌లో ఎయిర్ బ్రేకుల లీవరు, ఆపై ఆగిపోయిన ప్రొపెల్లర్)

విమానం నడిపిన చేతికి ఇక్కడ కొత్తగా తగిలేవి మూడున్నాయి. మొదటిది, రెక్కల మీద పైకి తెరుచుకునే ఎయిర్ బ్రేకులు: రన్‌వేకు చేరే కోణాన్ని వీటితోనే సరిచేయాలి, లేకపోతే గ్లైడర్ నేలకు ఆనకుండా రన్‌వే పొడవునా తేలుతూనే పోతుంది. రెండవది, రెక్కల పొడవు: టాక్సీ చేస్తున్నప్పుడు, అంటే నేల మీద నడుపుతున్నప్పుడు, దీపాలకు, బోర్డులకు, పక్కన నిలిపిన విమానాలకు రెక్క అంచు తగలకుండా చూసుకోవాలి.

మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది, గాలిలో ఇంజన్ ఆపి మళ్లీ మొదలుపెట్టడం. ఆపే ముందు కొద్దిసేపు తక్కువ శక్తి మీద ఇంజన్‌ను చల్లబరచాలి. ఆపాక ప్రొపెల్లర్ రేకులు ఎదురుగాలికి అంచు చూపేలా తిప్పాలి, దీన్నే ఫెదర్ చేయడం అంటారు. అలా చేయకపోతే ప్రొపెల్లర్ గాలిని అడ్డుకుని, జారుడు దూరాన్ని చాలావరకు తినేస్తుంది. ఇంజన్ ఆగాక బ్యాటరీకి ఛార్జింగ్ ఉండదు. రేడియో, ఇతర పరికరాలు వాడుకునేదీ, తిరిగి స్టార్టర్‌ను తిప్పవలసిందీ ఆ బ్యాటరీయే. అందువల్ల ఇంజన్ మళ్లీ మొదలవుతుందన్న నమ్మకం మీద ఎప్పుడూ ఆధారపడకూడదు. అది మొదలుకాకపోయినా సురక్షితంగా దిగగల చోటు అందుబాటులో ఉన్నప్పుడే, తగినంత ఎత్తులోనే ఆ ప్రయత్నం చేయాలి. ఇన్‌స్ట్రక్టర్‌ను ఈ ఒక్క పాఠాన్ని పదేపదే చేయించమని అడగడానికి దయచేసి సంకోచించకండి.

గ్లైడర్ నడపడానికి మెడికల్ సర్టిఫికేట్ అవసరం లేదు, ఇంజన్ ఉన్నదానికి కూడా ఇదే వర్తిస్తుంది. అయితే విమానం నడపడానికి ఆటంకమయ్యే జబ్బు ఉందని తెలిసి కూడా ఎగరడాన్ని చట్టం నిషేధిస్తుంది. ఆ నిర్ణయం మీ నిజాయితీకి వదిలిపెట్టింది. అమెరికా పౌరసత్వం లేనివారు శిక్షణ మొదలుపెట్టే ముందు, విదేశీయుల విమాన శిక్షణపై ఉన్న రవాణా భద్రతా నియమాలు తాము ఎంచుకున్న గ్లైడర్ శిక్షణకు వర్తిస్తాయో లేదో స్కూలు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఇప్పుడు అద్దె. సెస్నాలు దొరికినంత తేలికగా మోటార్ గ్లైడర్లు అద్దెకు దొరకవు. ఎక్కువగా క్లబ్బుల దగ్గర, కొన్ని ప్రత్యేక స్కూళ్ల దగ్గర మాత్రమే ఉంటాయి. సంతకం చేసే ముందు ఛార్జీ ఏ గడియారాన్ని బట్టి లెక్కిస్తారో అడగండి. ఇంజన్ తిరిగిన సమయానికే అద్దె అయితే, ఇంజన్ ఆపి థర్మల్స్ మీద గడిపిన రెండు గంటలు దాదాపు ఉచితమవుతాయి. మొత్తం ఎగిరిన సమయానికి అయితే బిల్లు పూర్తిగా మారిపోతుంది. ఇంధనం అద్దెలో కలిసి ఉందా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

చట్టం కన్నా బీమా సంస్థే ఇక్కడ కఠినంగా ఉంటుందని చెప్పాలి. ఇన్ని గంటల గ్లైడర్ అనుభవం, అదే మోడల్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో ఇంత చెక్‌అవుట్ (నడిపే తీరు పరిశీలన) అని షరతులు పెడుతుంది. గ్రోబ్ 109కు తోక చక్రం ఉంటుంది. టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్ నియమాన్ని చట్టం విమానాలకే రాసినా, ఆ అనుభవాన్ని బీమా సంస్థ అడగవచ్చు. యజమాని పాలసీ కాపాడేది యజమానినే. ప్రమాదం జరిగితే, యజమానికి చెల్లించిన సొమ్మును బీమా సంస్థ మీ నుంచి రాబట్టే ప్రయత్నం చేయవచ్చు. కాబట్టి అద్దె పైలట్ల కోసం విడిగా అమ్మే పాలసీ తీసుకోండి; అది విమానాలకే కాక మోటార్ గ్లైడర్లకూ వర్తిస్తుందని అందులో స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి.

లాగ్‌బుక్‌లో ఈ గంటలు గ్లైడర్ ఖాతాలోకే వెళ్తాయి, ఇంజన్ తిరిగినా సరే. విమానం గంటలు కూడబెట్టుకునేవారు ఈ తేడాను ముందే లెక్కలో పెట్టుకోవాలి. తోడుగా మరొకరిని ఎక్కించుకోవాలంటే గడచిన 90 రోజుల్లో గ్లైడర్‌లోనే 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగులు చేసి ఉండాలి, ఆ వారమే సెస్నాలో ఎన్నిసార్లు దిగినా అవి ఇందుకు లెక్కకు రావు.