నాలుకలు విరిచిన కాసెట్

సభాధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనుక నిలబడి వింటున్న పిల్లలకు నమస్కారం. ఈ వారోత్సవాలలో నన్ను గ్రామఫోను నుంచి సెల్‌ఫోను దాకా పాట వినే పద్ధతి మారిన తీరును వివరించమన్నారు. రాసుకొనే వచ్చాను, కాగితాలు జేబులోనే ఉన్నాయి. కానీ హనుమకొండలో ఇరవై రెండేళ్లు కాసెట్ల దుకాణం నడిపిన నేను, ఆ దుకాణంలో చేసిన ఒక పనిని దాచిపెట్టి పాట గురించి మాట్లాడితే అది అబద్ధమే అవుతుంది. అందుచేత కాగితాలను అధ్యక్షులవారికి అప్పగించి, నాకు తెలిసిన సంగతి చెబుతాను.

1998లో, ఎండాకాలంలో, నలుగురు ఇంజనీరింగు విద్యార్థులు మా దుకాణానికి వచ్చారు. తామే రాసి, తామే స్వరం కట్టి, హాస్టల్ గదిలో టేప్‌రికార్డరు పెట్టి రికార్డు చేసుకొన్న ఆరు పాటలతో పది కాసెట్లు తెచ్చారు. కాసెట్ మీద కంపెనీ పేరు లేదు, హీరో బొమ్మ లేదు. జిరాక్సు తీయించిన కాగితం మీద చేతిరాతతో పాటల పేర్లు మాత్రం ఉన్నాయి. “అన్నా, అమ్ముడుపోతేనే పైసలియ్యి” అన్నాడు వారిలో పొడుగ్గా ఉన్న అబ్బాయి. “ఏం పాటలు తమ్మీ?” అని అడిగితే “రాక్ అన్నా, తెలుగుల” అన్నాడు. నేను నవ్వాను. నవ్వి, రెండింటిని అరలో పెట్టి, ఎనిమిదింటిని బల్ల కిందికి తోశాను.

ఆ రెండూ అమ్ముడుపోయాయి, ఎవరు కొన్నారో నాకు గుర్తులేదు. మిగతా ఎనిమిదింటి కథే నేను చెప్పవలసింది. ఇక్కడున్న పిల్లలకు తెలియకపోవచ్చు, కాసెట్ పైఅంచున రెండు చివర్లలో చిన్న ప్లాస్టిక్ నాలుకలుండేవి. వాటిని విరిచేస్తే ఆ కాసెట్ మీద మరొకటి రికార్డు కాదు. ఆ అబ్బాయిలు పది కాసెట్లకూ నాలుకలు విరిచే ఇచ్చారు. తమ పాటను ఎవరూ చెరపకూడదని వారు చేసిన ఏర్పాటు అది. ఆ ఖాళీల మీద సెల్లోటేపు అతికిస్తే డెక్కు మళ్లీ రికార్డు చేస్తుందన్నది దుకాణదారులందరికీ తెలిసిన కిటుకు. పెళ్లిళ్ల కాలంలో ఖాళీ కాసెట్లు అయిపోయిన ఒక సాయంత్రం, ఎవరో సినిమా పాటల చీటీ ఇచ్చి తొందరపెడుతుంటే, నేను బల్ల కిందికి చెయ్యి పెట్టాను. సెల్లోటేపు అతికించాను. టేపు బాగుందో లేదో చూద్దామని కొన్ని క్షణాలు వినిపించాను. డ్రమ్ము కర్రలు ఒకదానితో ఒకటి నాలుగుసార్లు టక టక టక టక మన్నాయి. అంతే, రికార్డు మీట నొక్కేశాను. నెల తిరగకుండా ఎనిమిదీ అట్లాగే పోయాయి. ఆ అబ్బాయిలు డబ్బుల కోసం మళ్లీ రాలేదు. వచ్చి ఉంటే ఏం చెప్పేవాడినో ఇప్పటికీ తెలియదు.

నాలాంటి దుకాణదారుడే ఇంకొకడు లివర్‌పూల్‌లో ఉండేవాడు. పేరు బ్రయన్ ఎప్‌స్టీన్, రికార్డులు అమ్మేవాడు, వయసు ఇరవై ఏడు. బీటిల్స్ అప్పటికి బ్రిటన్‌లో ఏ రికార్డు కంపెనీతోనూ ఒప్పందం లేని ఊరి బృందం. 1961 నవంబరు 9 మధ్యాహ్నం ఆయన తన దుకాణం నుంచి నడిచివెళ్లి, కావెర్న్ అనే నేలమాళిగ మెట్లు దిగి, వారు వాయిస్తుండగా కళ్లారా చూశాడు. ఆ తరువాత వారికి మేనేజరయ్యాడు. డెక్కా రికార్డు కంపెనీ వారి పాటలు వినిపించుకొని కూడా వద్దన్నది; 1962 అక్టోబరులో ఇ.ఎం.ఐ. అనే కంపెనీకి చెందిన పార్లోఫోన్, బీటిల్స్ సొంత పేరుతో తొలి రికార్డు విడుదల చేసింది. బీటిల్స్ గొప్పతనం చెప్పడానికి ఈ ప్రస్తావన తేలేదు. ఆ నలుగురు అబ్బాయిలు బీటిల్స్ అయ్యేవారని నేను అనడమూ లేదు. ఆయన దుకాణం వదిలి మెట్లు దిగాడు, నేను బల్ల కిందికి చెయ్యి పెట్టాను, తేడా అంతే.

దుకాణం మూసేసిన చాలా కాలానికి, ఆరేళ్ల కిందట, హైదరాబాదులో మా అమ్మాయి నన్ను బంజారా హిల్స్‌లోని లామకాన్‌కు తీసుకొనిపోయింది. 2010 నుంచి నడుస్తున్న ఆ చోట నాటకమైనా, ఉర్దూ కవుల ముషాయిరా అయినా, పాటైనా ఆరుబయటి వేదిక మీదనే. చాయ్, సమోసా చవక. ఆ రాత్రి వేదికెక్కింది ఏ కంపెనీ ఒప్పందమూ లేని నలుగురు కుర్రవాళ్లు. పగలు ఉద్యోగాలు, రాత్రి గంటల లెక్కన అద్దెకు తీసుకొన్న గదిలో సాధన. వారి పేరు చెప్పను. బృందం ఇప్పుడు లేదు, ఎవరి బతుకులు వారివి.

డ్రమ్ముల అబ్బాయి కర్రలు పైకెత్తి నాలుగుసార్లు తట్టాడు. మా అమ్మాయి “ఏమైంది నాన్నా?” అని అడిగింది. చాయ్ ఒలికిందని చెప్పాను.

ఆ పాట గురించి కొంచెం చెప్పనివ్వండి. ఊళ్లో ఉన్న తల్లి ఫోనులో రోజూ అడిగే ఒకే ఒక ప్రశ్న “తిన్నవా?” అన్నది దాని పల్లవి. రాక్ సంగీతంలో ఎక్కువగా నాలుగు దెబ్బల లెక్క నడుస్తుంది. వీళ్లు ఏడింటి మీద కట్టారు, తకిట తకధిమి అని మన మృదంగం వాళ్లు అనే మిశ్రచాపు. చప్పట్లు కొట్టబోయిన జనం రెండుసార్లు తప్పి, మూడోసారికి అందుకొన్నారు. తెలుగు రాక్‌కు పనికిరాదని నాతో వాదించినవారు చాలామంది ఉన్నారు, ఒకప్పుడు ఆ మాట నేనూ అన్నాను. కానీ మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. ఆ అబ్బాయి “తిన్నవా” లోని చివరి ‘ఆ’ను పట్టుకొని, గిటారు గరగరలాడుతూ పైకి లేస్తున్నంతసేపూ లాగితే, అది కేకయిందో ఏడుపయిందో తెలియలేదు. బెంగాలీలో మొహినేర్ ఘొరాగులి బృందం ఈ సాహసం డెబ్బయ్యవ దశకంలోనే చేసింది, మలయాళంలో అవియల్ చేసింది. మన భాషకు చేతకానిది కాదు, మన చెవికే తీరిక లేదు.

మధ్యలో వెనుక నుంచి ఎవరో సినిమా పాట పాడమని అరిచారు. “అది మీ ఫోనులో ఉందన్నా, ఇది లేదు” అన్నాడు గాయకుడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. మన దగ్గర పాట చాలాకాలంగా సినిమా వీపెక్కే బజారుకు వస్తున్నది. ఆడియో కంపెనీ నిర్మాతతో బేరమాడుతుంది, నలుగురు కుర్రవాళ్లతో మాట్లాడేందుకు దానికి పని లేదు. అమ్మేవాడిగా నేను ఆ బేరంలో బతికినవాడినే, కాబట్టి కంపెనీల మీద రాయి వేయను. ఆ అరిచిన వ్యక్తి ఎవరో నాకు తెలియదు గానీ, ఆ గొంతు నాది కూడా.

రాత్రి పది దాటితే మైకు మోగకూడదన్న నిబంధన ఉన్నది కనుక, పది కాకముందే ఆపేశారు. నేను వేదిక దగ్గరకు వెళ్లి ఆ పాట కాసెట్ ఏదైనా ఉందా అని అడిగాను, అలవాటు అటువంటిది. స్టూడియోకు డబ్బు కూడితే చేస్తామన్నారు. కూడలేదు. ఆ పాట ఇప్పుడు ఎక్కడా లేదు, ఆ రాత్రి విన్న కొద్దిమంది తలల్లో తప్ప. అందుకే అడుగుతున్నాను: మీ ఊరి కాలేజీలో, మీ వీధి డాబా మీద ఎవరైనా సొంత పాట వాయిస్తుంటే, ఫోనులో వెతికి దొరకలేదని వదిలేయకండి, నడిచివెళ్లండి. టికెట్టు పెడితే కొనండి, బాగాలేకపోతే బాగాలేదని ముఖం మీదనే చెప్పండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ఒక్క విన్నపంతో దిగిపోతాను. ఈ సభలో హనుమకొండ, వరంగల్లు, కాజీపేట వాళ్లే ఎక్కువ. 1998లో మా దుకాణంలో కంపెనీ పేరు లేని, చేతిరాత జిరాక్సు కాగితం చుట్టిన కాసెట్ అమ్ముడుపోయినవి రెండు. అవి మీ ఇంట్లోనో, మీ అన్నదమ్ముల ఇంట్లోనో, పాత ఇనుప పెట్టెలోనో ఉండవచ్చు. కాసెట్ పైఅంచున రెండు నాలుకలూ విరిచి ఉంటాయి, ఆనవాలు అదే. దయచేసి పారవేయకండి. టేపు బూజు పట్టినా ఫరవాలేదు, శుభ్రం చేయడం నాకు వచ్చు. మా ఇంట్లో డెక్కు ఇంకా పనిచేస్తున్నది. ఆ నాలుగు దెబ్బల తరువాత ఏముందో నేను వినలేదు.