పల్లె బడిలో ఆ పాఠం ఎవరు చెప్పాలి?

(లైంగిక విద్యను తొమ్మిదో తరగతి దాకా ఆపకుండా ఇంకా చిన్న వయసు నుంచే చెప్పాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. దానిపై జరిగిన చర్చ ఇది. పాల్గొన్నవారు: రిటైర్డ్ హెడ్మాస్టర్, జిల్లా పరిషత్ హైస్కూల్ బయాలజీ టీచర్, ప్రభుత్వ ఆసుపత్రి గైనకాలజిస్టు.)

యాంకర్: అందరికీ సమానంగా సమయం ఇస్తాం. మాస్టారూ, సెల్‌ఫోన్ చేతికొచ్చాకే కదా ఈ గొడవంతా?

హెడ్మాస్టర్: ముమ్మాటికీ. ముప్పై ఏళ్లు బడి నడిపాను. తెలియని పిల్లలకి మనమే తెలియజెప్పడం ఏమిటండీ? కేంద్రం కౌమార విద్య పుస్తకాలు తెస్తే 2007లో మహారాష్ట్ర, కర్ణాటక వద్దన్నాయి. ఊరికే అన్నాయా?

టీచర్: తెలియదని ఎలా అంటారు సార్? మా క్లాసులో పేరు రాయకుండా చీటీలు వేయమన్నాను. ముద్దు పెడితే కడుపొస్తుందా అని ఒకరు. నిద్రలో తడిస్తే రోగమా అని ఇంకొకరు. వాళ్లకి జవాబు చెప్పేది బస్టాండు గోడ మీది నరాల బలహీనత పోస్టర్లు...

యాంకర్: అంటే ఫోన్‌లో చూసే కదా మేడమ్ ఈ ప్రశ్నలు?

టీచర్: కాదండీ, ఆ భయాలు ఫోన్‌కి ముందు నుంచీ ఉన్నాయి. పువ్వులో పరాగ సంపర్కానికి బోర్డు మీద బొమ్మ వేస్తాం. మనిషి దగ్గరికొచ్చేసరికి...

హెడ్మాస్టర్: (అడ్డుపడుతూ) ఇంట్లో చదువుకోమంటాం! తప్పేంటమ్మా? నేనూ అన్నాను. గురువుకి గౌరవం ముఖ్యం. ఈ సినిమాలు, ఆ డాన్సులు...

డాక్టర్: సినిమాల సంగతి తర్వాత. పిల్ల పెద్దమనిషైతే ఫ్లెక్సీ కట్టి ఊరందరికీ భోజనాలు పెడతాం. ఆ రక్తం ఎందుకొస్తుందో పిల్లకి మాత్రం చెప్పం. కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. చెప్పడం తొందరంటున్నారు, పెళ్లి తొందర కాదా?

హెడ్మాస్టర్: పెళ్లి వేరు, ఇది వేరు!

డాక్టర్: ఎలా వేరు సార్? 15-19 ఏళ్లవాళ్లలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం వచ్చింది 2012లో. పద్దెనిమిదిలోపు పిల్ల ఇష్టపడ్డా శారీరక సంబంధం నేరమేనని మగపిల్లలకి ఎవరు చెప్పారు? కేసవుతుందని ఆడపిల్లలు మా దగ్గరికి రారు, ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తారు. ప్రాణం మీదకొచ్చాక...

యాంకర్: డాక్టర్ గారూ, ఫోన్ నిషేధిస్తే ఇది తగ్గుతుందా?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

హెడ్మాస్టర్: నన్ను చెప్పనివ్వండి! ఫోన్ తీసేయండి, సగం తగ్గుతుంది. మళ్లీ చెప్తున్నా, ఇది తల్లి చెప్పాల్సిన మాట.

టీచర్: ఆ తల్లికి పదిహేనేళ్లకే పెళ్లి చేశారండీ. ఆమెకి ఎవరు చెప్పారని?

హెడ్మాస్టర్: మా అమ్మలు చదువుకున్నారా? పిల్లల్ని పెంచలేదా? కట్టుబాటు ఉండేది!

యాంకర్: సమయం దగ్గరపడింది. మాస్టారూ, చివరి మాట మీదే.

టీచర్: ఒక్క నిమిషం, ఆ చీటీలు ఇంకా నా బ్యాగులోనే ఉన్నాయి, రేపు క్లాసులో...

హెడ్మాస్టర్: బడిలో వద్దు. ఇంట్లోనే.