రామోజీ, వండర్లా ట్రిప్‌కి వైజాగ్ నుంచి వెళ్తే రూమ్ ఎక్కడ తీసుకోవాలి?

నమస్కారమండీ. ఎంవీపీ కాలనీలో మా డాబా మీద నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల తీగ మీద ఆరుతున్నవన్నీ వండర్లాలో తడిసిన బట్టలే. నిన్న పొద్దున్నే తిరిగొచ్చాం. రైడ్ల మీద వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి నేను వాటి జోలికి పోను. పిల్లలతో, పెద్దవాళ్లతో హైదరాబాద్ దగ్గరున్న రామోజీ ఫిల్మ్ సిటీకి, వండర్లా ఆటల పార్కుకి వెళ్తే రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఈరోజు రివ్యూ అంతా దాని గురించే.

మేం ఐదుగురం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప, మా అత్తయ్య. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. రెండేళ్ల కిందట కూడా ఇదే ట్రిప్ వేశాం. అప్పుడు రూమ్ విషయంలో చేసిన పొరపాటు ముందు చెప్తాను, ఎందుకంటే మన ఊరి వాళ్లలో చాలామంది అదే చేస్తారు.

1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ మనకి సొంత బండి లాంటిది కదా. సాయంత్రం ఎక్కి, పులిహోర తిని పడుకుంటే తెల్లారేసరికి సికింద్రాబాద్. దిగగానే రూమ్ ఉంటే బాగుంటుందని స్టేషన్ పక్కనే ఒక హోటల్ బుక్ చేశాం. ఆరున్నరకి లగేజీతో రిసెప్షన్ ముందు నిలబడితే, చెకిన్ మధ్యాహ్నం 12కి అన్నారు. అంతకుముందే కావాలంటే సగం రోజు అద్దె అదనం. అత్తయ్య సూట్‌కేసు మీదే కూర్చుండిపోయారు, పాప ఆవిడ ఒళ్లో నిద్రపోయింది. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

అసలు కష్టం మర్నాడు సాయంత్రం మొదలైంది. వండర్లా నుంచి బయటపడేసరికి పిల్లల జుట్టు తడి, కాళ్లు నొప్పి, కడుపులో ఆకలి. అక్కడి నుంచి సికింద్రాబాద్ రావాలంటే ఊరి చివర నుంచి నడిమధ్య దాకా దాటుకుంటూ పోవాలి. ఎల్బీనగర్ దగ్గర ఆగాం, మలక్‌పేట దగ్గర మళ్లీ ఆగాం. తొమ్మిదిన్నరకి చేరితే హోటల్లో వంటగది కట్టేశారు. పాప ఏమీ తినకుండానే పడుకుంది. మనకి ఆర్కే బీచ్‌లో తడిసినా పావుగంటలో ఇంట్లో ఉండటం అలవాటు. అక్కడ పార్కు నుంచి మంచం దాకా పట్టే టైమ్‌ని మేం లెక్కలోకే తీసుకోలేదు.

అందుకే ఈసారి హోటల్ ఫోటోలు చూడకముందే మ్యాప్ ముందేసుకున్నాం. స్క్రీన్ మీద చూడండి. ఫిల్మ్ సిటీ ఉన్నది విజయవాడ హైవే మీద, పెద్ద అంబర్‌పేట దాటాక. వండర్లా ఉన్నది రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. పెద్ద అంబర్‌పేట దగ్గర రింగ్ రోడ్డు ఎక్కితే బొంగులూరు తర్వాత వచ్చేది రావిర్యాలే. అంటే రెండు పార్కులూ ఊరికి ఒకే వైపు ఉన్నాయి, స్టేషనేమో ఊరి మధ్యలో ఉంది. మనం రూమ్‌ని స్టేషన్‌కి దగ్గరగా వెతుకుతున్నాం. స్టేషన్‌తో పని రెండుసార్లే. పార్కుతో పని అలసిపోయిన ప్రతి సాయంత్రం.

ఇంకో విషయం, ఇది నాకు బాగా నచ్చింది. విజయవాడ మీదుగా వెళ్లే బస్సు హైదరాబాద్‌లోకి వెళ్లేదే ఫిల్మ్ సిటీ ముందు నుంచి. ఈసారి మేం రైలు మానేసి మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రాత్రి బస్సు ఎక్కాం. ఊళ్లోకి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చే పని లేకుండా పొద్దున్నే అక్కడే దిగిపోయాం. రైల్లోనే వెళ్తామంటే గోదావరిలో సికింద్రాబాద్‌లో దిగకండి, నాంపల్లి దాకా వెళ్లండి. అక్కడి నుంచి మెట్రో రెడ్ లైన్ పార్కుల వైపున్న ఎల్బీనగర్‌కి నేరుగా ఉంది, మారే పని లేదు.

మొదటి రాత్రి ఫిల్మ్ సిటీ లోపలే ఉన్నాం. అక్కడి హోటళ్లలో సితార అన్నిటికన్నా ఖరీదైనది. తార మధ్యరకం. శాంతినికేతన్, వసుంధర విల్లా తక్కువ బడ్జెట్‌వి. సహారా డార్మిటరీ పద్ధతిలో ఉంటుంది, కాలేజీ పిల్లల గుంపులకి సరిపోతుంది. మేం తారలో దిగాం. ఖర్చు బయటికన్నా ఎక్కువే. అయినా పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ ఒక్క రాత్రికి పెట్టమనే చెప్తాను.

ఎందుకంటే అది 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో అని గిన్నిస్ వాళ్లు గుర్తించిన చోటు. గేటు దగ్గర దిగితే వచ్చేసినట్టు కాదు. అక్కడి నుంచి లోపలికి బస్సు, సెట్లు చూడటానికి మళ్లీ బస్సు, మధ్యలో బోలెడు నడక. సాయంత్రం ఇదంతా మళ్లీ వెనక్కి. లోపలే రూమ్ ఉండటంతో మధ్యాహ్నం భోజనం కాగానే మావారు అత్తయ్యని తీసుకెళ్లి పడుకోబెట్టారు. నాలుగింటికి మొహం కడుక్కుని, జడ వేసుకుని, మళ్లీ మాతో తిరగడానికి వచ్చేశారు. రెండేళ్ల కిందటి ట్రిప్‌లో అదే టైముకి ఆవిడ ఒక బెంచీ మీద చెప్పులు విప్పేసి, మా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

చాలా స్టే ప్యాకేజీల్లో ఫిల్మ్ సిటీ ఎంట్రీ కలిసే ఉంటుంది. కాబట్టి రూమ్ అద్దెని బయట హోటల్ అద్దెతో నేరుగా పోల్చకండి. బయట రూమ్, ఐదుగురి టికెట్లు, రానూపోనూ కారు, ఈ మూడూ కూడి అప్పుడు పోల్చండి. ఎంట్రీ ఎంతమందికి, ఎన్ని రోజులకి అన్నది బుక్ చేసేముందే అడిగి తెలుసుకోండి. ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. నడిచి వెళ్లి ఇడ్లీ తినొచ్చే వీధి అక్కడ ఉండదు, తిండి అంతా వాళ్ల దగ్గరే. పిల్లల జ్వరం మందు, అత్తయ్య బీపీ మాత్రలు ఇక్కడి నుంచే పట్టుకెళ్లాం. రెండో రాత్రి కూడా అక్కడే ఉండాలని నాకైతే అనిపించలేదు.

వండర్లా సంగతి వేరు. బెంగళూరు వండర్లాకి 2012 నుంచి సొంత రిసార్ట్ ఉంది. 2016లో మొదలైన హైదరాబాద్ పార్కుకి మాత్రం బయట హోటల్ చూసుకోవాల్సిందే. మేం ఎల్బీనగర్ దాటాక విజయవాడ హైవే మీదున్న వనస్థలిపురంలో మామూలు హోటల్ తీసుకున్నాం. స్విమ్మింగ్ పూల్ ఉన్న హోటల్ కోసం డబ్బు ఎక్కువ పెట్టకండి. రోజంతా నీళ్లలో ఆడి, వేళ్లు ముడతలు పడిపోయి వచ్చిన పిల్లలు మళ్లీ పూల్‌లో దిగరు. వాళ్లకి కావలసింది వేడినీళ్లు, వేడి అన్నం. నీళ్ల రైడ్లకి కాటన్ బట్టలు ఒప్పుకోరు, నైలాన్ లాంటివే వేసుకోవాలి. ఐదుగురి తడి బట్టలు రాత్రికి ఎక్కడ ఆరేస్తాం? ఏసీ రూమ్‌లో కిటికీ తెరుచుకోకపోతే తెల్లారేసరికి బ్యాగంతా ముక్కిపోయిన వాసన. నేను ఐదు గజాల నైలాన్ తాడు, పది క్లిప్పులు పట్టుకెళ్లాను. బాల్కనీ గ్రిల్‌కి కట్టేశాం.

బుక్ చేసేముందు యాప్‌లో రేటింగ్ చూసి ఊరుకోకుండా, మావారు రిసెప్షన్‌కి ఫోన్ చేశారు. "బాబూ, రాత్రి తొమ్మిది దాటాక పెరుగన్నం దొరుకుతుందా? వేడినీళ్లు ఎప్పుడైనా వస్తాయా, పొద్దున పూటేనా? లిఫ్ట్ పనిచేస్తోందా?" అన్నారు. మొదటి హోటల్ వాళ్లు కనుక్కుని చెప్తామన్నారు, మళ్లీ చెయ్యలేదు. రెండోచోట ఆ కుర్రాడు, "లిఫ్ట్ ఉంది సార్, కానీ రెండో అంతస్తు దాకానే. మీకు మొదటి అంతస్తులో ఇస్తాను" అన్నాడు. అక్కడే బుక్ చేశాం.

వండర్లా పొద్దున 11కి తెరుస్తారు కాబట్టి లేచేటప్పుడు టెన్షన్ లేదు. నిదానంగా టిఫిన్ చేసి వెళ్లాం. సాయంత్రం గేటు దాటిన ముప్పావుగంటకి రూమ్‌లో ఉన్నాం. పాప స్నానం చేసి, రెండు చపాతీలు తిని మరీ పడుకుంది.

తిరుగు ప్రయాణం రోజు 12కి రూమ్ ఖాళీ చేసేశాం, బ్యాగులు మాత్రం సాయంత్రం దాకా వాళ్లే ఉంచుకున్నారు. ఇది కూడా ముందే అడిగి పెట్టుకోండి. రాత్రి బస్సు ఎల్బీనగర్‌లోనే ఎక్కాం. సూర్యాపేట రాకముందే అత్తయ్యతో సహా అందరూ నిద్రపోయారు. మీరు వెళ్లే నెల, ఎంతమంది, పెద్దవాళ్లు ఉన్నారా లేదా అన్నది కింద రాయండి, ఒక్కొక్కరికీ జవాబిస్తాను. ఉంటానండీ.